టీబీ మందులు వాడుతున్నా ఎక్స్‌రేలో ఆ గుండ్రటి నీడ తగ్గడం లేదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఊపిరితిత్తుల మీద అడిగినవే ఎక్కువ. చదువుతూ పోతుంటే ఒకే జబ్బు రకరకాల పేర్లతో ఇళ్లలోకి వస్తోందని అర్థమైంది. ఒకరికి టీబీ అన్నారట, ఒకరికి నెమ్ము అన్నారట, ఇంకొకరికి క్యాన్సర్ అనుమానం అన్నారట. దాని అసలు పేరు హైడాటిడ్ సిస్ట్. కుక్క పేగుల్లో బతికే ఒక చిన్న బద్దెపురుగు మూలంగా మన ఊపిరితిత్తిలో పెరిగే నీటితిత్తి ఇది. టీబీతో పోలిస్తే చాలా తక్కువగా కనిపించేదే, కానీ ఎవరికీ గుర్తుకు రాకపోవడం వల్ల మనుషులు నెలల తరబడి వేరే జబ్బు మందులు మింగుతున్నారు. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం దీనికే.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆయన వయసు 34. దగ్గు, అప్పుడప్పుడు కళ్లెలో నెత్తుటి చార పడుతుంటే ఎక్స్‌రే తీయించాం. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నీడ ఉంది, టీబీ కావచ్చు అని మందులు మొదలుపెట్టారు. కళ్లె పరీక్షల్లో మాత్రం టీబీ క్రిములు కనపడలేదు. నాలుగు నెలలుగా ఒక్క పూట కూడా మానకుండా వేసుకుంటున్నారు. మొన్న రాత్రి ఆగకుండా దగ్గు వచ్చి, నోట్లోంచి గ్లాసెడు ఉప్పటి నీళ్లు, వాటితో పాటు తెల్లటి పొర ముక్కలు పడ్డాయి. కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు. ఆస్పత్రిలో సీటీ తీసి హైడాటిడ్ సిస్ట్ పగిలింది అంటున్నారు. టీబీ ముదిరి ఇలా అయిందా? టీబీ మందులు ఇక ఆపేయొచ్చా?
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, టీబీ ముదిరి ఇలా అవ్వదు. టీబీ బాక్టీరియాతో వచ్చేది, ఇది పురుగుతో వచ్చేది, ఒకటి ఇంకొకటిగా మారదు. మీ ఆయనకు మొదటి నుంచీ ఉన్నది ఈ తిత్తే అయ్యే అవకాశం ఎక్కువ. ఎందుకంటే ఉప్పటి నీళ్లు, తెల్లటి పొర ముక్కలు, వెంటనే దద్దుర్లు, ఈ మూడూ కలిసి వచ్చే జబ్బు ఊపిరితిత్తుల్లో ఇంకొకటి దాదాపు లేదు.

ఇది ఎలా మొదలవుతుందో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే ఈ పురుగు బాగా ఎదిగినా 7 మిల్లీమీటర్లకు మించదు. కుక్క చిన్నపేగులో ఉంటుంది, దానివల్ల కుక్కకు చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ ఉండదు. పురుగు గుడ్లు కుక్క మలంతో బయటపడి మట్టిలో, గడ్డిలో, నీళ్లలో చేరతాయి, కుక్క బొచ్చుకీ మూతికీ కూడా అంటుకుని ఉంటాయి, కంటికి కనపడవు. గొర్రె, మేక, పశువులు ఆ గడ్డి మేస్తే గుడ్డు వాటి కడుపులోకి పోయి, కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో తిత్తిగా పెరుగుతుంది. ఆ జంతువును కోసినప్పుడు తిత్తి ఉన్న పచ్చి కార్జం ముక్క కుక్క తిన్నదంటే దాని పేగులో మళ్లీ పురుగులు తయారవుతాయి. ఇందులో మనిషి అవసరం ఎక్కడా లేదు, మనం పొరపాటున మధ్యలో దూరుతున్నాం. చేతికంటిన గుడ్డు నోట్లోకి పోతే పేగులో అందులోంచి పిల్ల బయటికొచ్చి, పేగు గోడ దాటి, రక్తంలో కలుస్తుంది. దారిలో మొదట తగిలేది కాలేయం, అందుకే 70 శాతం దాకా తిత్తులు అక్కడే ఉంటాయి. అక్కడ చిక్కుకోనివి ఊపిరితిత్తులకు చేరతాయి, అవి దాదాపు 20 శాతం.

ఊపిరితిత్తి మెత్తటిది, సాగేది కాబట్టి అక్కడ తిత్తికి అడ్డు ఉండదు, కాలేయంలో కంటే తొందరగా పెరుగుతుంది. అయినా ఏళ్ల తరబడి ఏమీ తెలియకపోవచ్చు. పెరిగి పక్కన ఉన్న గాలిగొట్టాన్ని నొక్కినప్పుడు దగ్గు, ఛాతీలో నొప్పి, కళ్లెలో నెత్తురు మొదలవుతాయి. లోపల చీము పడితే జ్వరం, నీరసం, బరువు తగ్గడం. ఇప్పుడు ఈ లక్షణాలన్నీ ఒకసారి వరసగా చదవండి. దగ్గు, నెత్తుటి కళ్లె, జ్వరం, చిక్కిపోవడం. ఏ డాక్టరైనా ముందు టీబీ అనే అనుకుంటారు, అనుకోవాలి కూడా, ఎందుకంటే టీబీ ఎక్కువగా ఉన్నచోట ఈ లక్షణాలతో వచ్చేవాళ్లలో అత్యధికులకు ఉండేది అదే. నాకు బాధ కలిగించేది ఆ తర్వాత జరిగేది. క్రిమి దొరకలేదు, మందులు వాడుతున్నా నీడ చెక్కు చెదరలేదు, అయినా మళ్లీ వెనక్కి వెళ్లి అసలు ఇది టీబీయేనా అని ఎవరూ అడగరు. టీబీ మందులు సరిగ్గా పడితే మొదటి రెండు మూడు నెలల్లోనే జ్వరం తగ్గడం, ఆకలి పుట్టడం, బరువు పెరగడం లాంటివి కనిపిస్తాయి. అవేవీ లేకపోతే మందుకు లొంగని టీబీ కావచ్చు, లేదా అది టీబీయే కాకపోవచ్చు. ఈ రెండూ చూడాలి.

మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండడం అరుదైనా అసాధ్యం కాదు. కళ్లెలో టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష చేశారా, క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్‌కు పంపారా, వాటి రిపోర్టులు ఏమన్నాయి, ఇవి అడగండి. అవన్నీ లేవనే వస్తే, సీటీలో తిత్తి స్పష్టంగా ఉంటే, మందులు మొదలుపెట్టిన డాక్టరే ఆపమని రాసిస్తారు. ఇంకో సంగతి, ఈ తిత్తికి వాడే ఆల్బెండజోల్, టీబీ మందులు, రెండూ లివర్ మీద భారం వేసేవే. కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా వాడుతున్న మందులన్నీ చూపించండి.

నోట్లోంచి పడిన ముక్కలు దాచారా? లేకపోతే ఈసారి పడితే పారేయకుండా శుభ్రమైన సీసాలో వేసి ల్యాబ్‌కు ఇవ్వండి. ఉడికించిన గుడ్డులోని తెల్లసొనను పలచగా చీల్చినట్టు, మెత్తగా, అంచులు లోపలికి చుట్టుకుపోయి ఉంటాయి అవి. మైక్రోస్కోపు కింద పెడితే పొర మీద పొరగా చారలు కనపడతాయి, అదృష్టం బాగుంటే పురుగు పిల్లల తల మీద ఉండే చిన్న చిన్న కొక్కేలు కూడా దొరుకుతాయి. ఆ కొక్కెం ఒక్కటి కనపడినా ఇంక వాదన అక్కర్లేదు, జబ్బు తేలిపోయినట్టే.

పగిలిన తిత్తిని తేలిగ్గా తీసుకోవద్దు. దద్దుర్లతో ఆగిపోవడం మంచిదయింది, కొందరికి ఊపిరి ఆడకపోవడం, బీపీ ఒక్కసారిగా పడిపోవడం లాంటి ప్రాణాపాయ ఎలర్జీ వస్తుంది. మిగిలిపోయిన పొరలో చీము పట్టవచ్చు. ఛాతీ ఆపరేషన్లు చేసే సర్జన్ ఉన్న ఆస్పత్రిలోనే ఉండండి. కడుపు అల్ట్రాసౌండ్ తీయించుకోకుండా మాత్రం ఇంటికి రాకండి, లివర్‌లో ఇంకోటి ఉందేమో చూడాలి.

ప్రశ్న: మా అన్నయ్యకు ఊపిరితిత్తిలో హైడాటిడ్ అన్నారు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. ఆయన పళ్లెం, గ్లాసు, పడక వేరుగా పెట్టాలా?

జవాబు: అక్కర్లేదు. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. దగ్గినా, ఒకే కంచంలో తిన్నా, చివరికి ఆయన కళ్లెలో పడ్డ పొర వల్ల కూడా ఇంకొకరికి రాదు, ఎందుకంటే జబ్బు తెచ్చే గుడ్డు కుక్క పేగులోనే తయారవుతుంది, మనిషిలో కాదు. అయితే మీ అన్నయ్యకు ఆ గుడ్డు ఎక్కడ అంటిందో అక్కడే మీరూ ఉండి ఉండవచ్చు కదా. అదే కుక్కతో, అదే పెరట్లో పెరిగినవాళ్లు ఒకసారి కడుపు అల్ట్రాసౌండ్, ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటే మంచిదే. కంగారుపడి ఆ రోజే పరిగెత్తాల్సిన పని లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు, ముప్ఫై ఏళ్లుగా సిగరెట్ అలవాటు. ఎడమ ఊపిరితిత్తిలో 6 సెంటీమీటర్ల గడ్డ ఉంది. క్యాన్సర్ అనుమానం, సూది గుచ్చి ముక్క తీయాలి అన్నారు. ఒక బంధువు మాత్రం నాన్న చాలా ఏళ్లు గొర్రెలు కాశారు కదా, అది నీటితిత్తి కావచ్చు, సూది పెట్టనివ్వొద్దు అంటున్నారు. ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం, ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినాలి. ఈ వయసులో, అన్ని సిగరెట్ల తర్వాత, ఊపిరితిత్తిలో గడ్డ కనపడితే క్యాన్సర్ కాదని తేల్చుకోకుండా ఎవరూ ఊరుకోకూడదు. మీ డాక్టర్ తొందరపెట్టడం సరైనదే. మీ బంధువు చెప్పిందీ గాలిమాట కాదు. గొర్రెలు, వాటితో తిరిగే కుక్కలు, చాలా ఏళ్ల సావాసం, ఇది డాక్టర్‌కు తప్పకుండా తెలియాల్సిన సమాచారం. మీరు ఆ సంగతి డాక్టర్‌తో చెప్పారా? ఉత్తరంలో రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. చాలామంది చెప్పరు, ఎందుకంటే సిగరెట్ గురించి అడిగినట్టు కుక్కల గురించి ఎవరూ అడగరు.

సూది ఎందుకు ప్రమాదమంటే, లోపల ఉన్న నీళ్లు ఒత్తిడితో ఉంటాయి. సూది పెట్టగానే అవి బయటికి చిమ్మితే ఒకటి, తీవ్రమైన ఎలర్జీ వచ్చి మనిషి అక్కడే ప్రమాదంలో పడవచ్చు. రెండు, ఆ నీళ్లలో వేల సంఖ్యలో పురుగు పిల్లలు ఉంటాయి, అవి పడిన చోటల్లా కొత్త తిత్తి లేవవచ్చు. లివర్‌లో కొన్ని రకాల తిత్తులకు, ముందే ఆల్బెండజోల్ ఇచ్చి, అన్ని జాగ్రత్తలతో సూది ద్వారా నీరు తీసే వైద్యం ఉంది. ఊపిరితిత్తిలో అది చేయరు. అందుకని తిత్తి అనే అనుమానం ఏ కొంచెం ఉన్నా, సూది కంటే ముందు ఆ అనుమానం తీర్చుకోవాలి.

సీటీ స్కాన్‌లో దీనికి చాలావరకు సమాధానం దొరుకుతుంది. పగలని తిత్తి నీళ్లలాగే కనపడుతుంది, అంచు నున్నగా ఉంటుంది, రంగుమందు ఎక్కించినా లోపలి భాగం వెలగదు. చిక్కు ఎక్కడంటే, లోపల చీము పట్టినా పొర చీలినా ఆ నీళ్లు చిక్కబడి గట్టి గడ్డలాగే కనపడతాయి. అప్పుడు అనుభవం ఉన్న రేడియాలజిస్టులు కూడా క్యాన్సర్ అనే రాయవచ్చు. అలాంటి పరిస్థితిలో రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్‌లో లివర్ ఎలా ఉంది, గాలిగొట్టంలోకి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీలో ఏం కనపడింది, ఇవన్నీ కలిపి చూస్తారు. అప్పటికీ తేలకపోతే కొన్నిసార్లు నేరుగా ఆపరేషన్ చేసి తీసి చూడడమే మంచిదవుతుంది.

మీరు చేయాల్సింది చాలా చిన్న పని. రేపు వెళ్లినప్పుడు, "నాన్న చాలా ఏళ్లు గొర్రెలు, కుక్కల మధ్య ఉన్నారండి, ఇది హైడాటిడ్ కాదని సూది పెట్టేముందు ఒకసారి చూస్తారా?" అని అడగండి. మంచి డాక్టర్ ఎవరూ ఈ మాటకు చిన్నబుచ్చుకోరు. అలాగని బంధువుల మాట మీద అసలు పరీక్షే వద్దని ఇంటికి తీసుకెళ్లిపోతే, అది క్యాన్సరే అయినప్పుడు పోయే నెలలు తిరిగి రావు.

ప్రశ్న: సీటీలో హైడాటిడ్ అని రాశారు, రక్తపరీక్షలో నెగెటివ్ వచ్చింది. పురుగుల జబ్బుల్లో పెరిగే ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు కూడా నార్మలే. అంటే నాకు ఆ జబ్బు లేనట్టేగా?

జవాబు: అలా అనుకోవద్దు. ఈ రక్తపరీక్ష పట్టేది పురుగును కాదు, పురుగు మీద మీ ఒంట్లో తయారైన యాంటీబాడీలను. తిత్తి పగలకుండా గట్టి పొరతో ఉన్నంతకాలం లోపల ఏముందో ఒంటికి తెలియదు, కాబట్టి యాంటీబాడీలు తయారవకపోవచ్చు. లివర్ తిత్తుల్లో ఈ పరీక్ష ఎక్కువమందికి పాజిటివ్ వస్తుంది, ఊపిరితిత్తి తిత్తుల్లో మాత్రం సగానికి కాస్త అటూ ఇటూగానే. పాజిటివ్ వస్తే అనుమానం బలపడుతుంది, నెగెటివ్ వస్తే ఏమీ తేలనట్టు. పైగా వేరే బద్దెపురుగు జబ్బులున్నా ఒక్కోసారి పాజిటివ్ వస్తుంది. ఇసినోఫిల్స్ సంగతి కూడా అంతే, పగలని తిత్తి ఉన్న చాలామందిలో అవి పెరగవు. సీటీ బొమ్మ చక్కగా సరిపోతుంటే దాన్నే నమ్మండి.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. కొద్దిపాటి దగ్గు తప్ప ఇంకేమీ లేదు. ఆడుకుంటాడు, తింటాడు. రెండుసార్లు నెమ్ము అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. చివరికి సీటీలో 8 సెంటీమీటర్ల హైడాటిడ్ సిస్ట్ అని తేలింది, ఆపరేషన్ చేయాలి అంటున్నారు. ఇంత బాగా ఉన్న పిల్లాడికి ఛాతీ కోయాలంటే మనసొప్పడం లేదు. మాత్రలతో కరిగించలేమా? ఊపిరితిత్తి తీసేస్తారా?
ఒక తల్లి

జవాబు: మీ మనసు నాకు అర్థమవుతోంది, పిల్లాడు ఎదురుగా గెంతుతూ ఉంటే ఆపరేషన్ బల్ల మీదికి పంపడం ఏ తల్లికైనా కష్టమే. అయినా ఆపరేషన్ చేయించండి అనే చెప్తాను.

పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల్లో ఈ తిత్తి ఊపిరితిత్తుల్లో కనపడడం ఎక్కువ. వాళ్ల ఊపిరితిత్తి ఇంకా బాగా సాగుతుంది కాబట్టి, తిత్తి పెద్దదయ్యేదాకా పిల్లాడు మామూలుగానే ఉంటాడు. 10 సెంటీమీటర్లు దాటిన తిత్తులు కూడా చిన్న దగ్గు కోసమని తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంటాయి. బాగా కనపడడానికీ లోపల ఉన్న ప్రమాదానికీ ఇందులో సంబంధం లేదు. ఆటలో పడి ఛాతీకి గట్టిగా దెబ్బ తగిలినా, ఏ కారణం లేకుండా మామూలు దగ్గుకే అయినా పగలవచ్చు.

మాత్రల గురించి. ఆల్బెండజోల్ బాగా పనిచేసేది చిన్న తిత్తుల మీద, సుమారు 5 సెంటీమీటర్ల లోపు వాటి మీద, లేదా ఆపరేషన్ చేయలేనన్ని తిత్తులు ఉన్నప్పుడు. పెద్ద తిత్తికి మాత్ర ఇస్తే పురుగు చచ్చి, పొర బలహీనపడి, అదే పగిలే ప్రమాదం ఉంది. పొర బయటికి పోయే దారి లేక లోపలే కుళ్లుతుంది. అందుకే పగలని పెద్ద ఊపిరితిత్తి తిత్తికి ఆపరేషన్ ముందు ఈ మందు ఇవ్వడానికి చాలామంది సర్జన్లు ఒప్పుకోరు, తర్వాత ఇస్తారు. ఇంట్లో ఉంది కదా అని నులిపురుగుల కోసం తెచ్చిన మాత్ర వేసేయకండి, అదే మందు అయినా సరే.

ఊపిరితిత్తి తీసేయరు. ఈ విషయంలో మీరు ధైర్యంగా ఉండవచ్చు. తిత్తి చుట్టూ మన ఒళ్లు కట్టుకున్న ఒక గోడ ఉంటుంది, ఆ గోడకీ తిత్తి పొరకీ మధ్య అతుకు ఉండదు. సర్జన్ చుట్టుపక్కల అంతా గాఢమైన ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు పరుస్తారు, ఒక్క చుక్క చిందినా అందులోని పురుగు పిల్లలు చావడానికి. తర్వాత గోడను మెల్లగా తెరిచి, తిత్తిని పూర్తిగా బయటికి తీస్తారు, లేదా ముందు నీళ్లు లాగేసి పొర తీస్తారు. తెల్లగా మెరుస్తూ వస్తుంది అది. అది ఉన్న గుంటలోకి తెరుచుకున్న సన్నటి గాలిగొట్టాలు ఒక్కొక్కటే వెతికి కుట్టేస్తారు, ఇది ఓపిక కావాల్సిన పని, ఇక్కడ ఒకటి వదిలేస్తే తర్వాత రోజుల తరబడి గాలి లీకవుతూనే ఉంటుంది. నొక్కుకుపోయి ఉన్న ఊపిరితిత్తి మళ్లీ వ్యాకోచిస్తుంది, పిల్లల్లో అయితే మరీ బాగా. చీముపట్టి ఒక భాగం పూర్తిగా పాడైపోయినప్పుడే ఆ భాగం తీయాల్సి వస్తుంది, ఆలస్యం చేయొద్దని చెప్పడానికి నాకున్న ముఖ్యమైన కారణం అదే.

మత్తు డాక్టర్‌తో కూడా ఒకసారి మాట్లాడండి. మత్తులో ఉండగా తిత్తి పగిలితే ఆ నీళ్లు రెండో ఊపిరితిత్తిలోకి పోకుండా రెండింటినీ వేరు చేసే ఏర్పాటు చేస్తారు, పిల్లల సైజులో అది కాస్త కష్టం. కాబట్టి పిల్లల ఛాతీ ఆపరేషన్లు అలవాటున్న చోటే చేయించండి, దూరమైనా సరే.

ప్రశ్న: నేను ఈమధ్యే ప్రాక్టీసు మొదలుపెట్టాను. ఎక్స్‌రే చూసి దీన్ని ఎప్పుడు అనుమానించాలి? వేటితో పొరబడతాం?
ఒక జూనియర్ డాక్టర్

జవాబు: నిజానికి దేనితోనైనా పొరబడతాం. పగలక ముందు నున్నగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి ట్యూమర్, పుట్టుకతో వచ్చే బ్రాంకోజెనిక్ సిస్ట్, ఎక్కువ తిత్తులుంటే వేరేచోట నుంచి పాకిన క్యాన్సర్ అనుకుంటాం. పగిలాక గాలి, నీరు కలిసిన గుంట కనపడి ఊపిరితిత్తిలో చీముగడ్డ అనో, టీబీ గుంట అనో అనుకుంటాం. ఛాతీ కుహరంలోకి పగిలితే నీరు చేరిందని, గాలి చేరిందని గొట్టం వేస్తాం. చుట్టుపక్కల వాపు వస్తే న్యుమోనియా. ఒక గాలిగొట్టాన్ని నొక్కి ఒకపక్కే పిల్లికూతలు వస్తుంటే ఆస్తమా అని ఇన్‌హేలర్ రాసేస్తాం.

గుర్తుపెట్టుకోవాల్సిన బొమ్మలు కొన్ని ఉన్నాయి. బయటి గోడకీ తిత్తి పొరకీ మధ్య కాస్త గాలి చేరితే పైన నెలవంకలాంటి సన్నటి నల్లటి గీత వస్తుంది, ఇది పగలబోతోందని చెప్పే హెచ్చరిక. పూర్తిగా పగిలి, సగం నీళ్లు బయటికిపోయి, ముడుచుకున్న పొర మిగిలిన నీళ్ల మీద తేలుతుంటే వాటర్ లిల్లీ గుర్తు అంటాం. అది కనపడితే మర్చిపోలేం. కానీ ఎక్కువమందిలో ఇంత చక్కగా కనపడదు, దాని కోసం ఎదురుచూస్తే చాలామందిని వదిలేస్తాం. నెలవంక కూడా దీనికే సొంతం కాదు, పాత టీబీ గుంటలో ఫంగస్ ఉండ చేరినా అలాగే ఉంటుంది. ఇంకోటి, లివర్ తిత్తుల గోడలో సున్నం పేరుకోవడం మామూలే, ఊపిరితిత్తి తిత్తుల్లో అది చాలా అరుదు, కాబట్టి సున్నం లేదని దీన్ని కొట్టేయకండి.

మీరు పొందగలిగిన అతి మంచి ఆధారం పేషెంట్ నోట్లోనే ఉంది. "ఎప్పుడైనా దగ్గినప్పుడు ఉప్పగా నీళ్లు పడ్డాయా? తెల్లటి తొక్కల్లాంటివి వచ్చాయా? కుక్కలు, గొర్రెల దగ్గర ఉన్నారా, చిన్నప్పుడైనా సరే?" అని అడగండి. ఉప్పటి నీళ్లు పడిన సంగతి మనుషులు మర్చిపోరు, కానీ అడిగితే తప్ప చెప్పరు. చిన్నప్పుడు అంటిన గుడ్డు పెద్దయ్యాక బయటపడవచ్చు, అందుకని ఇప్పుడు ఇంట్లో కుక్క లేదన్న జవాబుతో ఆగకండి.

టీబీలా వేషం వేసే పురుగు ఇదొక్కటే కాదు, ఇదీ చెప్పాలి. సరిగ్గా ఉడకని పీతలు, మంచినీటి రొయ్యలు తినేవాళ్లలో పారగోనిమస్ అనే ఊపిరితిత్తి పురుగు ఉంటుంది. తుప్పురంగు కళ్లె, నెలల తరబడి దగ్గు, ఎక్స్‌రేలో గుంటలు. కళ్లెలో పురుగు గుడ్లు కనపడతాయి, కానీ టీబీ కోసం వేసే రంగుతో చూస్తే అవి తెలియవు, రంగు వేయని కళ్లెను విడిగా చూడమని ల్యాబ్‌కు చెప్పాలి. దొరికితే ప్రాజిక్వాంటెల్ రెండు మూడు రోజుల వైద్యంతో తగ్గిపోతుంది. ఆ మనిషి నెలల తరబడి టీబీ మందులు మింగుతూ ఉంటే ఎంత అన్యాయమో ఆలోచించండి.

ప్రశ్న: ఇంట్లో కుక్క ఉంది. ఈ జబ్బు గురించి విన్నప్పటి నుంచీ భయం పట్టుకుంది. వదిలేయాలా? మాంసం మానేయాలా?

జవాబు: రెండూ వద్దు. కుక్కకు ఈ పురుగు రావాలంటే తిత్తి ఉన్న పచ్చి కార్జం, ఊపిరితిత్తులు లాంటి లోపలి భాగాలు తినాలి. ఇంట్లోనే ఉండి, వండిన తిండి తినే కుక్కకు అది దాదాపు రాదు. బయట తిరిగి, జంతువులను కోసే చోట్ల పారేసినవి తినే కుక్కతోనే జాగ్రత్త. మాంసం తినడం వల్ల కూడా మనకు ఇది రాదు, తిత్తి ఉన్న ముక్క మనం తిన్నా అది మనలో పురుగు కాదు. పచ్చి ముక్కను కుక్కకు విసిరేయడంలోనే ప్రమాదం ఉంది. పెట్టాలనుకుంటే లోపలిదాకా బాగా ఉడికించి పెట్టండి, పారేయాలంటే కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చండి.

కుక్కకు వాడాల్సిన మందు ప్రాజిక్వాంటెల్. అన్ని నులిపురుగుల మందుల్లో ఇది ఉండదు, పశువైద్యుణ్ణి పేరు పెట్టి అడగండి. బయట తిరిగే కుక్కలకు ఆరు వారాలకొకసారి ఇవ్వడం ఈ జబ్బును అదుపు చేసిన చోట్ల పాటించిన పద్ధతి. ఎందుకంటే కుక్క కడుపులో పురుగు ఎదిగి గుడ్లు పెట్టడానికి సుమారుగా అంతకాలం పడుతుంది. ఈ మందు పురుగును చంపుతుంది కానీ గుడ్లను చంపదు, మందు వేసిన తర్వాత రెండు మూడు రోజులు మలాన్ని జాగ్రత్తగా తీసి పూడ్చేయాలి. మీరు చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోండి, శానిటైజర్ ఈ గుడ్లను ఏమీ చేయదు. పిల్లల చేతులు మరీ ముఖ్యం. ఆకుకూరలు పారే నీళ్లలో కడగండి.

ఇది అయ్యే పనేనా అని అనుమానం వద్దు, అయింది. ఐస్‌లాండ్‌లో ఒకప్పుడు ఈ జబ్బు విపరీతంగా ఉండేది. 1860లలో హరాల్డ్ క్రాబె అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి కుక్కలను పరీక్షించి, ఇది ఎలా వస్తుందో ప్రజలకు అర్థమయ్యేలా చిన్న పుస్తకం రాశాడు, అది ఇంటింటికీ పంచారు. తర్వాత కుక్కల మీద, కోసిన జంతువుల లోపలి భాగాలు పారేయడం మీద చట్టాలు వచ్చాయి. తరాలు గడిచేసరికి జబ్బు అక్కడ పోయింది. న్యూజిలాండ్ కూడా కుక్కలకు మందులు, పచ్చి లోపలి భాగాలు పెట్టడంపై నిషేధం, వీటితోనే సాధించి 2002లో జబ్బు పోయినట్టు తాత్కాలికంగా ప్రకటించుకుంది. ఇప్పుడు గొర్రెలకు వేసే టీకా కూడా ఉంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏ సమయంలో చూసినా 10 లక్షల మందికి పైగా ఎకినోకాకస్ జబ్బులతో ఉంటున్నారు, ఇది నాకు మింగుడుపడని విషయం, ఎందుకంటే ఆపే దారి నూటయాభై ఏళ్లుగా తెలిసినదే.

ప్రశ్న: నాకు ఆపరేషన్ అయి ఆరు నెలలైంది. మందులు కూడా పూర్తయ్యాయి. ఇక డాక్టర్ దగ్గరికి వెళ్లక్కర్లేదా?

జవాబు: వెళ్లాలి. ఆపరేషన్‌లో ఒక్క చుక్క జారినా అది మళ్లీ తిత్తిగా పెరిగి కనపడడానికి ఏళ్లు పట్టవచ్చు. మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి చొప్పున కనీసం ఐదేళ్లు ఛాతీ ఎక్స్‌రే, కడుపు అల్ట్రాసౌండ్ చేయించుకోండి. రక్తపరీక్ష మాత్రం పాజిటివ్ వస్తే కంగారుపడొద్దు, తిత్తి తీసేశాక కూడా యాంటీబాడీలు చాలాకాలం ఉండిపోతాయి. ఆల్బెండజోల్ మళ్లీ వాడాల్సి వస్తే నెయ్యో నూనో ఉన్న భోజనంతో కలిపి వేసుకోండి, అప్పుడే అది ఒంటికి పడుతుంది. లివర్ పరీక్షలు, తెల్లరక్తకణాల లెక్క మధ్యమధ్యలో చూపించుకోండి. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఆపరేషన్ రిపోర్టు, తీసిన తిత్తి పరీక్ష రిపోర్టు పారేయకుండా దాచుకోండి, రేపు ఎప్పుడైనా ఎక్స్‌రేలో పాత మచ్చ చూసి కొత్త డాక్టర్ ఎవరైనా టీబీ అన్నప్పుడు ముందు ఆ కాగితాలు చూపించండి.